అర బీరువా

కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. పక్క గదిలో మా కోడలు కార్పెంటర్‌తో ఫోనులో మాట్లాడుతోంది. మదనపల్లెలో కొత్తగా కొన్న ఫ్లాటులో గోడల పొడుగునా చెక్క అలమారాలు చేయించే పని నెల రోజులుగా సాగుతోంది. ఎవరికి ఎన్ని తలుపులు, ఎన్ని అరలు, ఏ రంగు, పొద్దస్తమానం ఇంట్లో అదే మాట. వినీ వినీ నాకు విసుగొచ్చింది. అంతలో ఆమె గొంతు కాస్త పెద్దదై నాకు స్పష్టంగా వినిపించింది.

"అర వార్డ్‌రోబ్ మా అత్తకప్పా. మిగిలిందంతా మాకు."

అందులో తప్పేమీ లేదు. నాలాంటి ముసలిదానికి సగం వార్డ్‌రోబ్ ఎక్కువే. నాకున్నవి పదో పన్నెండో చీరలు, రెండు శాలువలు, ఒక మాత్రల డబ్బా. కోడలు కూడా మంచి పిల్లే, వేళకు ఇంత పెడుతుంది, మాట తూలదు. అయినా ఆ మాట చెవిన పడగానే గ్లాసు కింద పెట్టేసి ఊరికే కూర్చుండిపోయాను. వార్డ్‌రోబ్‌కు బదులు బీరువా అని పెడితే, సరిగ్గా ఇదే మాట ఎనిమిదేళ్ళప్పుడు నేను ఒకసారి అన్నాను. అనకుండా ఉంటే ఎంత బాగుండేదోనని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

ఇదంతా చెప్పాలంటే ఓపిక కావాలి. నాకిప్పుడు మెట్లెక్కడానికే ఓపిక లేదు. అయినా ఆ బీరువా, అంటే అందులో నా వంతుకు వచ్చిన ముక్క, ఇదిగో నా ఎదురుగానే ఉంది. వచ్చే నెల దాన్ని పాత సామాన్లవాడికి వేసేస్తారట. కొత్త ఇంట్లో దానికి చోటు లేదు. అది పోయాక నాకు చెప్పాలన్న ధ్యాస కూడా ఉండదేమో.

మాది పుంగనూరు దగ్గర ఒక మెట్ట ఊరు. చుట్టూ బండల గుట్టలు, వాన పడితే వేరుశనగ, రాగి, బావి కింద కొద్దిగా మల్బరీ తోట. మట్టి గోడల పెద్ద ఇల్లు. ఆ ఇళ్ళలో గోడల్లో అలమారాలుండవు. దీపానికొక గూడు, ఉప్పుకొక గూడు, పైన అటక, అంతే. మరి బట్టలు ఎక్కడ పెట్టుకునేవాళ్ళని నా మనవరాలు అడుగుతుంది. ఎక్కడ పెట్టుకుంటాం? దండెం మీద. కట్టుకున్నవి కాక ఇంకో రెండుంటే అదే గొప్ప. మంచి బట్టలున్నవాళ్ళు రేకు పెట్టెలో దాచుకునేవారు. పెట్టె కూడా లేనివాళ్ళు పాత పంచెలో మూటగట్టి గోడకున్న కొయ్యకు తగిలించేవారు. ఎవరి మూట ఏ కొయ్యకు వేలాడుతోందో చూస్తే చాలు, ఆ ఇంట్లో వాళ్ళ మాటకు ఎంత విలువుందో తెలిసిపోయేది.

అలాంటి ఊళ్ళో మా ఇంట్లో బీరువా ఉండేది. నేను పుట్టకముందు మదనపల్లెలో ఎవరో దొర బంగళా ఖాళీ చేస్తూ సామాను వేలం వేస్తుంటే మా తాత కొన్నాడట. ఎడ్లబండి మీద గడ్డి పరిచి, పడుకోబెట్టి, రెండు రోజులు నడిపించుకొచ్చారట. తీరా వస్తే అది వాకిట్లో పట్టలేదట. తాత వెనక్కి తగ్గలేదు. వాకిలి చట్రం పెరికించి, బీరువా లోపలికి పోయాక మళ్ళీ పెట్టించాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ అవ్వ ఈ కథ చెప్పేది. విన్నవాళ్ళే మళ్ళీ వినాల్సి వచ్చేది, తప్పించుకోవడానికి లేదు.

టేకు బీరువా. రెండు తలుపులు. ఎడమ తలుపుకు నిలువెత్తు అద్దం. లోపల నడిమధ్య ఒక చెక్క అడ్డం, దానికి అటు నాలుగు అరలు, ఇటు నాలుగు అరలు. తెరిస్తే కలరా ఉండల వాసన, ఎండిన మొగలిరేకుల వాసన, వాటి వెనక ఎక్కడో అవ్వ మా కంటబడకుండా దాచిన బెల్లం వాసన. ఊళ్ళో నిలువుటద్దం అదొక్కటే. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు ఏదో ఒక సాకుతో మా ఇంటికి వచ్చి, అవ్వతో ఆ మాటా ఈ మాటా మాట్లాడి, పోతూ పోతూ అద్దంలో తలనుంచి కాళ్ళ దాకా చూసుకుని పోయేవారు. అవ్వ చూసీ చూడనట్టు ఉండేది.

ఎడమ పక్క మా అమ్మది. కుడి పక్క చిన్నమ్మది, అంటే మా చిన్నాయన భార్యది. ఎడమ పక్క పై అర ఒక్కటి మాత్రం అవ్వ తనకని ఉంచుకుంది. తాళం చెవి అవ్వ బొడ్లోనే ఉండేది. నిద్రలో కూడా దాని మీద చెయ్యి తీసేది కాదు.

మా ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉండేది. నాయనకు అక్క, నాకు మేనత్త. మొగుడు పోయాక అత్తగారింట్లో ఇమడలేక పుట్టింటికి వచ్చేసింది. ఆమె రావడం, నేను పుట్టడం ఒకే సంవత్సరమని అమ్మ అంటుండేది, రెండూ తన నెత్తినే పడ్డట్టు. పొయ్యి రాజేసేది అత్తే, సంగటి కెలికేది అత్తే, పశువుల కసువు ఎత్తేది అత్తే. ఆమె బట్టల మూట మాత్రం రాగుల గాదె పక్కన, చీకటి మూల కొయ్యకు వేలాడుతుండేది.

ఇంటి వెనక పట్టుపురుగుల గది ఉండేది. సున్నం కొట్టి, గాలి సరిగ్గా ఆడేట్టు కిటికీలు పెట్టి, చలికాలం కుంపటి వేసి చూసుకునేవారు. పురుగులకు ఒక గది ఇచ్చిన ఇంట్లో అత్తకు ఒక అర లేదు. ఇది ఇప్పుడు తోచిన మాట. అప్పుడు నాకూ తోచలేదు, ఎవరికీ తోచలేదు.

నేను అల్లరిదాన్నే. ఒకసారి అవ్వ స్నానానికి పోతూ తాళం చెవి మరిచిపోతే, బెల్లం కోసం బీరువా తెరిచి, అడుగు అరలోని దుప్పట్లు బయటికి లాగి, లోపల దూరి తలుపు వేసుకున్నాను. బెల్లం తిని, ఆ మెత్తటి చీకట్లో అలాగే నిద్రపోయాను. ఇల్లంతా నా కోసం వెతికింది. బావిలో కూడా చూశారట. చివరికి తలుపు తెరిచింది అత్త. నన్ను బయటికి లాగి, వీపున ఒకటేసింది.

"ఈడ పండుకున్న్యావా మే? మీయమ్మ బాయికాడ ఏడుస్తాండాది."

నన్ను అమ్మ దగ్గరికి తరిమేసి, తాను దుప్పట్లు మళ్ళీ సర్దడానికి అక్కడే ఉండిపోయింది. నేను గడప దగ్గర వెనక్కి తిరిగి చూశాను. సర్దడం అయిపోయింది. అయినా అత్త అరచేయి చెక్క మీద పెట్టి, అటూ ఇటూ మెల్లగా నిమురుతూ నిలబడి ఉంది. దుమ్ము తుడుస్తోందేమో అనుకున్నాను.

ఇక ఆ చలికాలం సంగతి. అనపకాయల కాలం. మా వైపు ఆ రెండు నెలలు ఏ ఇంటికి పోయినా అనపగింజల వాసనే. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున వేళ్ళ మధ్య పితికితే పప్పు టప్పుమని బయటికి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. ఆ పితుకుపప్పు పులుసు, వేడి రాగిసంగటి, మధ్యలో గుంట చేసి నెయ్యి. అది తిన్న నోటికి ఇప్పటి టిఫిన్లు రుచించవు. కోడలు పాపం ఫ్రిజ్‌లోంచి అనపగింజల పొట్లం తీసి ఏడాది పొడుగునా వండుతుంది. తింటాను, ఏమీ అనను.

ఆ కాలంలోనే ఒకరోజు అత్త ఎండలో మూట విప్పింది. ఆమెకు ఒకే ఒక్క పట్టుచీర, పెళ్ళినాటిది, వంకాయ రంగుది. మడతలు విప్పి చూస్తే ఎలుకలు కొంగు పక్కన దోసిలి పట్టేంత కొట్టేసి ఉన్నాయి. గాదె పక్కన కొయ్యకు తగిలిస్తే ఎలుకలు రాక ఏమొస్తాయి? అత్త ఏడవలేదు. ఆ బొక్క లోపలికి పోయేట్టు చీరను మళ్ళీ మడిచి, మూట కట్టేసింది. అప్పటికే ఒకసారి పక్షవాతం తగిలి మంచాన ఉన్న అవ్వ వసారాలోంచి ఇదంతా చూస్తోంది. ఆమెకు చూపు బాగానే ఉండేది.

మరుసటి రోజు పొద్దున అవ్వ నన్ను పిలిచింది. అమ్మ, చిన్నమ్మ వెనక పురుగుల గదిలో ఉన్నారు. నాయన, చిన్నాయన వేరుశనగ బస్తాలు వేసుకుని వెంకటగిరికోట సంతకు పోయారు. అత్త వంటింటి గడప దగ్గర కూర్చుని అనపగింజలు పితుకుతోంది.

"పాపా, నువ్వు పొయ్యి మీయమ్మతో సెప్పు. బీరువా అర అత్తకు ఇయ్యమన్న్యానని సెప్పు. ఏం సెప్పల్ల?"

"బీరువా అర అత్తకు."

"ఆ. మర్సిపోతావు నువ్వు. అనుకుంటా పో."

అనుకుంటూనే పోయాను. అదే వచ్చిన చిక్కు. గెంతుకుంటూ, ఎడమ కాలికి 'బీరువా', కుడి కాలికి 'అర' అనుకుంటూ పశువుల కొట్టం దాకా సరిగ్గానే పోయాను. కొట్టం దాటాక పేడ నీళ్ళు పారే కాలవ ఉండేది. దాని మీంచి దూకాను. దూకి, నిలదొక్కుకుని, మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కుడి కాలు ముందు పడింది. అర బీరువా, అర బీరువా, అర బీరువా.

మన మాటల్లో ఈ 'అర' ఒకటుంది. వెనక పెడితే గూడు, ముందు పెడితే సగం. ఎనిమిదేళ్ళ పిల్లకు ఈ తేడా ఎవరు చెప్పారు?

పురుగుల గదిలో తట్టల మీద నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు. పురుగు పొర విడిచే ముందు తినడం మానేసి పడుకుంటే దాన్ని జ్వరం అంటారు మా వైపు. నాలుగో జ్వరం నుంచి లేచాయంటే ఇక రాత్రనక పగలనక ఆకు తింటూనే ఉంటాయి. గదంతా సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. అమ్మ ఆకు పరుస్తోంది, చిన్నమ్మ కాడలు ఏరుతోంది. నేను గడపలో నిలబడి చెప్పాను.

"అర బీరువా అత్తకంట. అవ్వ సెప్పినాది."

అమ్మ చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. ముందు మాట్లాడింది చిన్నమ్మ.

"అర బీరువానా? ఏ పక్కక్కా? మీ పక్కా, మా పక్కా?"

"మా పక్క అద్దముండాది. అది పెద్దకోడలికని మామే సెప్పిపోయినాడు," అంది అమ్మ.

"అయితే నా పక్కే పోవల్లనా? నేనేమన్నా దోవన పోయేదాన్నా?"

అప్పటిదాకా ఆ ఇద్దరూ ఒక విస్తట్లో తినేంత పొత్తుగా ఉన్నారు. ఆ పూట మధ్యాహ్నానికల్లా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇద్దరిలో ఒక్కరన్నా వసారాలోకి పోయి అవ్వను 'ఏమత్తా, ఏమన్న్యావు?' అని అడిగి ఉంటే సరిపోయేది. ఆకు వేయకపోతే పంట పోతుంది, అదొకటి. అడిగితే అవ్వ నిజంగానే సగం అంటుందేమోనన్న భయం ఒకటి. మొగోళ్ళు రానీలే, వాళ్ళే అడుగుతారు, అనుకున్నారు.

నాయన, చిన్నాయన రాకముందే, మరుసటి పొద్దున, అవ్వకు రెండోసారి తగిలింది. నోరు పక్కకు పోయింది. మాట పడిపోయింది.

అవ్వకు పొడి చీర మార్చాలని అమ్మ ఆమె బొడ్లోంచి తాళం చెవి తీసి బీరువా తెరిచింది. నేను వెనకే ఉన్నాను. ఎడమ పక్క పై అరలో అవ్వవి రెండు చీరలు, ఒక శాలువ, ఒక ఆకువక్క పెట్టె. మిగతా అరంతా ఖాళీ. అప్పుడు అర్థమైంది నాకు. అవ్వ ఇమ్మన్నది ఇది. తన అర. అమ్మకూ ఏమీ పోదు, చిన్నమ్మకూ ఏమీ పోదు. నేను అడుగు తప్పి, మాట తిరగేశాను.

చెప్పేయాల్సింది. అప్పుడే, అక్కడే. కానీ ఇంట్లో అప్పటికే మాటలు పెరిగాయి. పిల్ల అబద్ధం చెప్పిందని చిన్నమ్మ, నా కూతురు అబద్ధమాడదని అమ్మ. ఇప్పుడు నేను మాట మారిస్తే చిన్నమ్మ మాటే నిజమవుతుంది. అమ్మ చేతి దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మధ్యాహ్నం సంతనుంచి తిరిగొచ్చిన నాయన అరుగు మీద కూర్చుని నన్ను పిలిపించాడు. పిలిచే ముందు తొట్టి దగ్గర నా ముఖం కడుగుతూ అమ్మ మెల్లగా అంది, "గెవనం లేదని సెప్పు, మర్సిపోయినానని సెప్పు. అంతే. ఇంకేం మాట్లాడొద్దు." సగం పోతుందన్న భయంతో అన్నదే తప్ప, అమ్మ చెడ్డది కాదు. అరుగు దగ్గర అందరూ ఉన్నారు. అత్త గడపలో కూర్చుని అనపగింజలు పితుకుతోంది, తల ఎత్తలేదు.

"అవ్వ ఏమన్న్యాదో సరిగ్గా సెప్పు పాపా. బయపడాకు," అన్నాడు నాయన.

నేను అత్త చేతుల వైపు చూశాను. పప్పు గిన్నెలో పడటం ఆగింది.

"గెవనం లేదు నాయనా," అన్నాను.

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, అమ్మకు మాట రానీ. అప్పుడే అడుగుదాం," అన్నాడు. గిన్నెలో పప్పు పడటం మళ్ళీ మొదలైంది.

అవ్వకు మాట రాలేదు. బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, పడుకున్న చోటినుంచి బీరువా వైపు చూపించేది. చూపించి, అత్త వైపు చూసేది. శాలువ కావాలంటోందని అమ్మ. తాళం చెవి కావాలంటోందని చిన్నమ్మ. శాలువ తెచ్చి అత్త చేతికే ఇచ్చారు, అత్తే దాన్ని అవ్వకు కప్పింది. అవ్వ కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతుంటే, చలికి అన్నారు. నాకు తెలుసు చలికి కాదని. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను గాని నోరు తెరవలేదు.

పురుగులన్నీ గూళ్ళు కట్టుకున్న వారానికి అవ్వ పోయింది. దినం అయిన నాలుగో రోజు అత్త కొయ్య మీది మూట దించుకుంది. కుప్పంలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని ఎవరో చెప్పారట. నాయన వద్దన్నాడు, కానీ గట్టిగా అనలేదు. బస్సు కోసం రోడ్డు దాకా నేను వెంట పోయాను. అత్త నా తల నిమిరి, "బాగా సదువుకో మే," అని మాత్రం అంది. ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ ఆ ఖాళీ కొయ్యకు జల్లెడ తగిలించింది.

నాలుగైదేళ్ళకు అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం, బావి, పశువులు, అన్నీ గొడవ లేకుండా పంచుకున్నారు. బీరువా దగ్గర ఆగిపోయింది. నువ్వు తీసుకో అనడానికి ఇద్దరికీ మనసు రాలేదు. చివరికి పుంగనూరు నుంచి వడ్రంగిని పిలిపించారు. ఆయన బీరువా చుట్టూ రెండుసార్లు తిరిగి, చెక్క మీద తట్టి చూశాడు.

"ఇట్లాంటి సామాను కోసేకి సెయ్యి రాలేదు రెడ్డీ. ఇద్దురూ ఒకతూరి ఆలోసన సేసుకోండి."

చేసుకోలేదు. ఆయన ఆ పొద్దంతా కోశాడు. రంపపు పొట్టు, కలరా ఉండలు, బెల్లం, అన్నీ కలిసిన వాసన ఇల్లంతా. అద్దం మా వైపు వచ్చింది కాబట్టి నడిమి చెక్క వాళ్ళ వైపు పోయింది. మా ముక్కకు తెరుచుకుపోయిన పక్కన మామిడి పలకలు కొట్టారు. అమ్మ, చిన్నమ్మ గోడకానుకుని చూస్తూ నిలబడ్డారు. మొదటినుంచీ ఎవరికేముందో చివరికి వాళ్ళకదే దక్కింది. నేను తిరగేసి చెప్పిన మాట కూడా నిజమై కూర్చుంది. అర బీరువా. అత్తకు కాదు, అంతే.

నాకు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. ఒకరి మాటను ఇంకొకరికి మార్చకుండా అందించడం నా పని. దేవుడికి ఇలాంటి వేళాకోళాలు ఎక్కువ. పుంగనూరు, కుప్పం, మదనపల్లె, మళ్ళీ పుంగనూరు, మళ్ళీ మదనపల్లె. అమ్మ ఆ అర బీరువాను నాకిచ్చింది. అద్దె ఇళ్ళలో అలమారాలుండవు, మేకు కొడితే ఇల్లుగలామె ఊరుకోదు. కాబట్టి ఊరు మారినప్పుడల్లా దాన్ని మోయించుకుని తిరిగాను. దానికి ఒక పక్క టేకు, ఒక పక్క మామిడి, బరువు సరిసమానంగా ఉండక ప్రతి ఇంట్లోనూ ఒరిగేది. ఒక కాలి కింద అట్టముక్క పెట్టాల్సి వచ్చేది. ఎన్ని అట్టముక్కలు మార్చానో.

కుప్పంలో కాపురం పెట్టిన మొదటి ఆదివారం అత్త నన్ను చూడవచ్చింది. జుట్టు నెరిసింది, వేళ్ళకు కాలిన మచ్చలు. లోపలికి వస్తూనే బీరువాను చూసి ఆగింది. దగ్గరికి పోయి అద్దంలో చూసుకుంది.

"ముసిలిదాన్నయిపోతినే," అని నవ్వింది. తర్వాత తలుపు తీసి లోపల చూసి, "అర బీరువా నీకే వచ్చెనే పాపా," అంది.

ఎగతాళికే అంది. నాకు మాత్రం ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది ఆగలేదు.

"అత్తా, అవ్వ చెప్పింది అర బీరువా కాదు. బీరువా అర. తన అర నీకిమ్మనె. నేనే తిరగేసి చెప్పినా. నాయన అడిగినప్పుడు గూడా నాకు తెలుసు. బయపడి చెప్పలేదు."

"తెల్సు," అంది అత్త.

"తెలుసా?"

"గడప కాడ్నే కూసోని పితుకుతాంటి గదా. అమ్మ అన్నిన మాట నా సెవులతో విన్న్యా."

"మల్లా యాల చెప్పలేదు?"

అత్త కుర్చీ మీద నేను పడేసిన చీర తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడత పూర్తయ్యాక అంది.

"నువ్వు పొయ్యి అట్ల సెప్పినావని మీ సిన్నమ్మ అరిస్తే తెలిసె. అర అంటే ఒక అర. నాకు సాలు. అర బీరువా అనేతలికి ఆశ పుట్టె పాపా. ఒక తలుపు, నాలుగు అరలు, నా సేతిలో తాళం సెవి. అబద్దమని తెల్సు. అయినా ఒక్క దినం సూద్దాం, నా తమ్ముడు ఏమంటాడో సూద్దాం అనుకుంటి. తెల్లారేతలికి అమ్మకు నోరు పాయె. ఆ పైన నేను లేసి, సగం గాదు ఒక అరే అంటే ఎవురు నమ్ముతారు? ఒక అర కోసరం కత సెప్తాండాది అంటారు."

ఇన్నేళ్ళూ ఆ తప్పు నాదొక్కదానిదే అనుకున్నాను. కాదని తెలిస్తే మనసు తేలికపడాలి. పడలేదు, ఇంకా బరువైంది.

"నువ్వు ఎనిమిదేండ్ల బిడ్డవి. నాకు ముప్పై దాటినాయి. నువ్వేంటికి మోస్తాండావే దాన్ని?" అంది అత్త.

నేను లేచి పై అరలోని నా బట్టలన్నీ తీసి మంచం మీద వేశాను. "ఇది నీది అత్తా. నీ సామాను తెచ్చి పెట్టుకో," అన్నాను. అత్త నవ్వింది. హాస్టల్లో పెట్టె ఉందట, దానికి బీగం కూడా ఉందట. ఇప్పుడు అర ఏంటికి అంది. కానీ భోజనానికి కూర్చునే ముందు తన చేతిసంచి తీసి ఆ ఖాళీ అరలో పెట్టింది. తిన్నంతసేపూ మధ్యమధ్యలో అటు చూస్తూనే ఉంది. పోయేటప్పుడు సంచి తీసుకుని, తలుపు మెల్లగా వేసి పోయింది.

ఆ అర ఖాళీగానే ఉంచాలనుకున్నాను. ఉంచలేదు. పిల్లలు పుట్టారు, పాత గుడ్డలు, పాలపొడి డబ్బాలు, స్వెట్టర్లు, ఏవేవో వచ్చి నిండిపోయాయి. కుప్పంలో ఉన్న మూడేళ్ళలో అత్త ఇంకెన్నిసార్లో వచ్చింది. సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చునేది.

అత్త పోయిన కబురు నా చెవి మీదుగానే పోయింది. అప్పటికి నాకు పుంగనూరు బదిలీ అయింది. కుప్పం నుంచి మా ఊరి పోస్టాఫీసు ఫోనుకు లైను కలపమన్నారు. లైను బాగాలేదు, మాట నువ్వే అందించమ్మా అన్నాడు అవతలి మనిషి. హాస్టల్లో వంటామె, పేరు, ఊరు, తమ్ముడి పేరు. నేను అతనితో మూడుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత మా ఊరికి లైను కలిపి, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. డ్యూటీ అయ్యేదాకా ఏడవలేదు.

ఇదీ సంగతి. ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పెద్ద విషయం కాదేమో. ఒక చెక్క అర. ఇప్పుడు గోడ గోడకూ అరలే. మా కోడలి చెప్పులకే ఆరు అరలు.

ఇంతలో నా మనవరాలు పరుగెత్తుకొచ్చింది. దానికీ ఎనిమిదో ఏడే. వాళ్ళమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని దీన్ని పంపినట్టుంది.

"అవ్వా, అర వార్డ్‌రోబ్ నీకు చాలా అని అమ్మ అడగమనింది. కార్పెంటర్ లైన్లో ఉండాడంట."

"సగం ఎందుకు పాపా? నాకు వార్డ్‌రోబ్‌లో ఒక అర చాలని చెప్పు," అన్నాను.

"సరే," అని అది అప్పటికే తిరిగింది. మరిచిపోకుండా ఉండాలని కాబోలు, గెంతుకుంటూ, పైకే అనుకుంటూ పోతోంది. వార్డ్‌రోబ్ అర, వార్డ్‌రోబ్ అర.

"ఆగు పాపా," అన్నాను.

అది గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. నేను ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి అర బీరువా మీద ఆనించి లేచాను. పక్క గదిలోకి పోయేసరికి ఆయాసం వచ్చింది. నన్ను చూసి కోడలు ఫోను పక్కకు పెట్టింది.

"ఇంత మాటకు నువ్వు లేసి రావల్లనా అత్తా? పాప చెప్తాది గదా."

"రావల్లమ్మా," అన్నాను.